నొప్పి లేని బొబ్బ

నేను మొదటిసారి బూట్లు తొడుక్కున్నది ముప్పై ఎనిమిదో ఏట, ఖతార్‌లో, అదీ ఇంకొకరిని నడిపించడం కోసం.

అల్ ఘర్రాఫాలో నేను పనిచేసే విల్లాలో ఒక పెద్దావిడ ఉంది. యజమానికి తల్లి. డెబ్బై దాటిన మనిషి. పనివాళ్ళమంతా ఆమెను మామా అంటాం. అక్కడ మామా అంటే అమ్మ. నేను కొత్తగా చేరిన రోజుల్లో, ఇంటికి ఫోన్ మాట్లాడుతూ మధ్యలో "వస్తాండా మామా" అని కేకేస్తే, అవతల మా ఆయన "ఎవరే ఆ మామ?" అని కంగారుపడ్డాడు.

ఆమెకు ఇరవై ఏళ్ళుగా షుగరు. ఆమె పనులన్నీ నావే. మాత్రలు, సూది, స్నానం, అయిదు పూటలా నమాజుకు ముందు కాళ్ళ మీద నీళ్ళు పోయడం. ఆ ఏడు డాక్టరు రోజూ అరగంట నడవాలన్నాడు. బయట ఎండకు నడిచే వీలు లేదు. దగ్గరలో ఉన్న పార్కులో నడకదారి పొడుగునా ఏసీ చల్లగాలి వస్తుంది, అక్కడికి తీసుకెళ్ళమన్నారు. పరాయి దేశంలో ఉంటున్న కూతురు తల్లి కోసం నడక బూట్లు పంపింది. తెల్లగా, గట్టిగా, పక్కన సన్నటి బంగారు గీతతో ఉండేవి. మామా వాటిని రెండు రోజులు మంచం పక్కనే పెట్టుకుని చూసుకుంది.

మేడం అంటే మామా కోడలు. "ఆమె పక్కన చెప్పులతో నడిచి నువ్వు జారితే ఆమే పడిపోతుంది" అని నాకూ ఒక జత కొనిచ్చింది. మొదటిరోజు కారెక్కే ముందు నన్ను పక్కకు పిలిచి, "ఆమె కాళ్ళు నీ బాధ్యత" అంది. పప్పు మాడకుండా చూడు అన్నంత మామూలుగానే అంది. నేనూ తలూపాను.

మామా బాగా నడిచేది. నా కంటే ముందుండేది. చిన్నప్పుడు అల్ వక్రాలో సముద్రం ఒడ్డున పెరిగిందట. తండ్రి పడవ వచ్చే వేళకు ఉత్త కాళ్ళతో గవ్వల మీద పరుగెత్తేదట. "అప్పుడు నా కాళ్ళకు ఏమీ గుచ్చుకునేది కాదు. ఇప్పుడూ గుచ్చుకోదు" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె అరబ్బీ, నా వంటింటి అరబ్బీ కలిసి మా మాటలు ఎలాగో సాగిపోయేవి. ఇక్కడ వాటిని తెలుగులో రాస్తున్నాను.

మూడో రోజుకు నా కుడి మడమ వెనక మంట మొదలైంది. ఒక్కొక్క అడుగుకూ ఎవరో చర్మాన్ని పట్టి గిల్లుతున్నట్టుంది. ఇంటికొచ్చి చూసుకుంటే చిక్కుడుగింజంత బొబ్బ, లోపల నీళ్ళు.

మా డ్రైవరు కోనసీమ మనిషి, నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఈ ఇంటికి రాకముందు లుసైల్‌లో కట్టడాల సైటు పని చేశాడు. మూడేళ్ళు సేఫ్టీ షూస్‌లో బతికిన మనిషి. నేను కుంటుతూ గేటు దగ్గరికి రావడం చూశాడు.

"ఏంటి చెల్లెమ్మా, ఆ నడకేంటి?"

"బూటు కరిసిందన్నా. సూదితో పొడిచేస్తే నీళ్ళు కారిపోతాయి లే."

"అమ్మమ్మా, పొడవకు! ఆ పైతోలే దానికి కట్టు. ఊడదీశావంటే కింద పచ్చిపుండే." కారు తుడుస్తున్న గుడ్డ పక్కన పడేశాడు. "సబ్బునీళ్ళతో కడుక్కుని మెత్తగా అద్దు, రుద్దకు. ప్లాస్టరు నేను తెస్తాను. రేపట్నుంచి నడిచే ముందే అంటించుకో, మంట పుట్టాక కాదు. అసలు కొత్త బూటుతో మొదటిరోజే అరగంట నడుస్తారా ఎవరైనా? ఇంట్లో పది నిమిషాలు, మర్నాడు ఇరవై, అలా మచ్చిక చేసుకోవాలి దాన్ని. ఏదీ, చూడనీ." నా బూటు చేతిలోకి తీసుకుని మడమ దగ్గర వేలు దూర్చాడు. "ఇక్కడ వదులు. నీ కాలు లోపల పైకీ కిందకీ జారుతోంది, ఆ రాపిడికే బొబ్బ. లేసు పై కన్నం దాకా లాగి కట్టు. సాక్సు మాత్రం తడిగా ఉండకూడదు. సైట్లో మేం మధ్యాహ్నం పూట ఇంకో జత మార్చేసేవాళ్ళం. తడి సాక్సు ఉందంటే ఇక ఆ కాలు సంగతి మర్చిపోవడమే."

చెప్పినట్టే చేశాను. రెండు రోజుల్లో మంట తగ్గింది. ప్లాస్టర్ల పెట్టె ఇస్తూ అతను ఇంకొక మాట అడిగాడు.

"మరి పెద్దావిడ కాళ్ళు చూశావా?"

"ఆమెకేం కాలేదన్నా. నొప్పని ఒక్క మాటన్నా అనలా."

"షుగరు మనిషి కదా చెల్లెమ్మా," అన్నాడు. "నొప్పి అనట్లేదంటే మరీ చూడాలి."

ఆ సాయంత్రం ఆమె సాక్సులు ఉతకడానికి తీశాను. ఎడమ సాక్సు లోపలివైపు, చిటికెనవేలు ఆనే చోట, రూపాయి బిళ్ళంత పసుపు మరక. అంచు గోధుమరంగుకు తిరిగింది. ఆలోచించకుండానే ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఆ వాసన నాకు తెలుసు.

రాయచోటి పక్కన మా పల్లెలో మా అత్తకు కూడా షుగరు ఉండేది. ఒక పెళ్ళికి కొత్త ప్లాస్టిక్ చెప్పులు వేసుకుని పోయి వచ్చింది. బొటనవేలి పక్కన చిన్న బొబ్బ. "చెప్పు కరిసిందిలే, అదే పోతాది" అని మూడు వారాలు పసుపు రాసుకుంది. నొప్పి లేదు కాబట్టి మేమూ పట్టించుకోలేదు. ఒకరోజు ఆమె మంచం పక్కన ఊడవడానికి వంగితే ఈ వాసనే వచ్చింది. పెద్దాసుపత్రిలో మోకాలి కింద దాకా తీసేశారు. ఆరు నెలలు నేనే కట్లు మార్చాను. తర్వాత ఆమె పోయింది.

సాక్సు చేతిలో పట్టుకుని స్నానాల గదిలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కుళాయి పారుతూనే ఉంది.

మర్నాడు నమాజుకు ముందు నీళ్ళు పోసేటప్పుడు, రోజూలా నిలబడకుండా నేల మీద కూర్చున్నాను. ఎడమకాలు చేతిలోకి తీసుకుని వేళ్ళు విడదీసి చూశాను. చిటికెనవేలి బయటి పక్క చింతగింజంత బొబ్బ. నాది తెల్లగా, నీళ్ళతో ఉండింది. ఇది నల్లగా ఉంది. ఒక అంచున తోలు చిట్లి లోపలి ఎరుపు కనబడుతోంది. వేళ్ళ సందులు నాని పాలిపోయి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. రోజుకు అయిదుసార్లు నీళ్ళు పోసేది నేనే. ఆమెకు ప్రార్థన తొందర. తడి ఆరకుండానే సాక్సులు తొడిగేదీ నేనే.

"ఏం చూస్తున్నావ్?"

"మామా, ఇక్కడ బొబ్బ. నొప్పి లేదా?"

"మాఫీ." ఏమీ లేదంది. కాలు గౌను కిందికి లాక్కుంది.

"మేడంకి చెప్తాను. డాక్టరు దగ్గరికి..."

ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఆ వయసు చేతిలో అంత బలం ఉంటుందని అనుకోలేదు. "మా అక్కకూ ఇంతే. ఇంత చిన్నదే. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మొదట వేలు తీశారు. తర్వాత పాదం. తర్వాత మా అక్క లేదు. నేను వెళ్ళను. నువ్వు చెప్పవు." కళ్ళలోకి చూసింది. "వల్లా అను."

వల్లా అంటే దేవుడి మీద ఒట్టు. అన్నాను. నేను హిందువును, ఆ మాట నన్ను కట్టెయ్యదులే అని మనసులో సర్దిచెప్పుకున్నాను. కట్టేసింది. ఒట్టు కంటే భయమే ఎక్కువ కట్టేసింది. కాళ్ళు నా బాధ్యత అన్నారు. తడి కాలికి సాక్సు తొడిగింది నేను. బూటు లేసు కట్టింది నేను. చెప్పిన మరుక్షణం అందరూ నా వైపే చూస్తారు.

నాలుగు రోజులు గడిచాయి. నాకు చేతనైనంత చేశాను. ప్రతిసారీ వేళ్ళ సందుల్లో మెత్తటి గుడ్డతో తడి అద్దాను. సబ్బునీళ్ళతో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ వదులుగా చుట్టాను. నడక ఆపించాలని మేడంతో నా మడమ ఇంకా నొప్పిగా ఉందని అబద్ధం చెప్పాను. "అయితే నువ్వు బెంచీ మీద కూర్చో, ఆమె నడుస్తుంది. డాక్టరు మానొద్దన్నాడు" అంది మేడం.

అలా పార్కులో బెంచీ మీద కూర్చుని ఆమె నడక చూశాను. తెల్లబూట్లు, బంగారు గీతలు. ఆమె నిటారుగా, చకచకా, చిరునవ్వుతో తిరిగి వస్తూ నాకు చెయ్యి ఊపేది. ఒక్కసారీ కుంటలేదు. కుంటితే బాగుండునని దండం పెట్టుకున్నాను. ఒక్క అడుగు తడబడినా, ఒక్కసారి "అబ్బా" అన్నా నేను ఒట్టు తప్పకుండానే సంగతి బయటపడే దారి దొరికేది.

ఆ నాలుగింటిలో మూడో రోజు డ్రైవరుకు మొత్తం చెప్పేశాను. పార్కు బయట కారులోనే. అతను స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"చుట్టూ ఎర్రగా ఉందా?"

"ఉంది. పాదం పైకి కొంచెం పాకింది."

"ఆ ఎరుపు అంచు మీద పెన్నుతో గీత గియ్యి. రేపు చూడు. గీత దాటిందంటే ఇక ఆగడానికి లేదు."

ఆ సాయంత్రం గీశాను. నీలం పెన్ను. మామా నవ్వింది. "నాకు గోరింటాకు పెడుతున్నావా?" అంది. ఆ పాదం నా చేతిలో వెచ్చగా ఉంది. రెండో పాదం చల్లగా ఉంది.

పొద్దున్నే చూస్తే ఎరుపు గీతను దాటి వేలెడు పైకి పోయింది.

గేటు దగ్గర డ్రైవరు నా మొహం చూసే గ్రహించాడు. "ఇవాళ నువ్వు చెప్పకపోతే సాయంత్రం సార్‌కి నేనే చెప్పేస్తాను. నువ్వు నన్ను తిట్టుకున్నా పర్లేదు, ఆ కాలు ఉండాలి కదా."

"నేనే చెప్తానన్నా. మధ్యాన్నం నమాజు అయిపోనీ."

"ఎందుకు, ఇప్పుడేమైంది?"

నాకు ధైర్యం రావడానికి ఇంకొక పూట కావాలంతే.

మధ్యాహ్నం వంటింట్లో ఆమె భోజనం పళ్ళెంలో సర్దుకుని పైకి వెళ్ళాను. గది తలుపు ఓరగా వేసి ఉంది. సందులోంచి ఆవిరి కనబడింది. లోపలికి వెళ్ళేసరికి మామా సోఫా అంచున కూర్చుని ఉంది. కింద ప్లాస్టిక్ బేసిన్. పక్కన ఉప్పు డబ్బా, టీ కోసం గదిలో ఉంచుకునే కరెంటు కెటిల్, మూత తెరిచి. ఉప్పునీళ్ళతో కాపడం పెట్టుకుంటే పుండు ఆరిపోతుందని ఆమె నమ్మకం. నేను వచ్చేలోగా తనే చేసుకుంటోంది. ఎడమకాలి మునివేళ్ళు నీళ్ళలో ఉన్నాయి. మొహం ప్రశాంతంగా ఉంది. మడమ దింపుతోంది.

పళ్ళెం ఎక్కడ పెట్టానో గుర్తులేదు. వంగి బేసిన్‌లో చెయ్యి పెట్టాను. అరిచాను. ఆ మంట మోచేతి దాకా పాకింది. మరో చేత్తో బేసిన్‌ను తోసేశాను. నీళ్ళు తివాచీ మీదంతా పొర్లాయి.

"నీకు పిచ్చా?" అని ఆమె గట్టిగా అరిచింది. "కాలివేలితో చూసుకున్నాను. గోరువెచ్చగానే ఉన్నాయి!"

నా చెయ్యి ఆమె ముందు చాపాను. వేళ్ళు ఎర్రగా కమిలిపోయాయి. ఆమె నా చెయ్యి చూసింది. తన కాలివేళ్ళు చూసింది. అవీ అదే ఎరుపు. మళ్ళీ నా చెయ్యి చూసింది. ఆమె భయపడటం నేను మొదటిసారి చూశాను.

నేను మెట్లు దిగుతూనే "మేడం!" అని కేక పెట్టాను.

మేడం వచ్చి పాదం చూసింది, పెన్ను గీత చూసింది. "ఇది ఎప్పటినుంచి?"

"నాలుగు రోజులు."

"నాలుగు రోజులు నువ్వు గీతలు గీస్తూ కూర్చున్నావా?"

నేను తల దించుకున్నాను. మామా గోడ వైపు చూస్తోంది. తను వద్దందని ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్పినా ఆ నాలుగు రోజులు వెనక్కి రావు కదా. ఆమెను కుర్చీతో సహా మోసి కారెక్కించారు. డ్రైవరు నా వైపు చూడకుండా తలుపు వేశాడు. నన్ను ఎక్కమనలేదు.

ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. మామా దగ్గర ఉండటానికి మేడం అక్కవాళ్ళ ఇంటినుంచి ఒక పనిమనిషిని పంపారు. నాకు ఇస్త్రీ పని ఇచ్చారు. కమిలిన చేతికి గుడ్డ చుట్టుకుని రోజంతా తెల్లటి అంగీలు ఇస్త్రీ చేశాను. ఎవరూ తిట్టలేదు. అసలు ఎవరూ మాట్లాడలేదు. నన్ను పంపించేస్తారనే అనుకున్నాను. పెట్టె దించి బట్టలు సర్దుకున్నాను. కింద అడుగుల చప్పుడైతే చాలు, నన్ను పిలవడానికే వస్తున్నారనిపించేది. విషం ఎముకకు చేరిందని డ్రైవరు చెప్పాడు. రెండో వారంలో చిటికెనవేలు తీసేశారని కూడా అతనే చెప్పాడు. "పాదం ఉంటుందా అన్నా?" అంటే, "ఇంకా చెప్పలేమంటున్నారంట చెల్లెమ్మా" అన్నాడు.

మూడు రోజుల తర్వాత యజమాని స్వయంగా వంటింట్లోకి వచ్చాడు. నేను పెట్టె సంగతి గుర్తు చేసుకుంటూ లేచి నిలబడ్డాను. "మా అమ్మ నిన్ను అడుగుతోంది. ఒట్టు తనే వేయించుకున్నానని చెప్పింది" అన్నాడు. "ఇంకెప్పుడైనా ఆమె ఒట్టు వేయించుకుంటే, ముందు నా దగ్గరికి రా." అంతే. యల్లా, ఇక పద అని బయల్దేరదీశాడు.

ఆసుపత్రి గదిలో మామా చిన్నదైపోయినట్టు కనబడింది. కాలు దిండు మీద, తెల్లటి కట్టులో. నన్ను పక్కన కూర్చోమంది. నా చెయ్యి తీసుకుని కొత్త చర్మం వచ్చిన చోట తడిమింది.

"నీకు బూటు కరిచినప్పుడు ఎలా ఉండింది?" అని అడిగింది.

"నొప్పిగా ఉండింది మామా."

"అది కాదు. ఎలా? చెప్పు."

నాకొచ్చిన అరబ్బీలో దానికి సరిపడా మాటలు లేవు. మంట అన్నాను, మిరపకాయ అన్నాను, గిల్లినట్టు అని నా చెయ్యి నేనే గిల్లి చూపించాను. ఆమె కళ్ళు మూసుకుని వింది, ఎప్పుడో చూసిన ఊరి గురించి ఎవరైనా చెబుతుంటే విన్నట్టు. "నాకది ఎప్పుడు పోయిందో కూడా తెలియదు" అంది.

ఇంటికి పంపే రోజు కేరళ నర్సు నన్ను కూర్చోబెట్టి హిందీలో అన్నీ చెప్పింది. రోజూ రెండు కాళ్ళూ, పైనా కిందా, వేళ్ళ సందుల్లో వెలుతురులో చూడాలి. బూటు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడమాలి. నీళ్ళ వేడి నా మోచేతితో చూడాలి, ఆమె కాలితో ఎప్పుడూ చూడకూడదు. బొబ్బ, ఎరుపు, మరక, ఏది కనబడినా ఆ రోజే రావాలి. "ఒక కాలికి వచ్చిందంటే రెండోదానికీ రావచ్చు" అంది. వెడల్పాటి మెత్తటి బూట్లు కొలత తీసి చేయించారు. ఇప్పుడు పార్కు లేదు. హాల్లోనే, నా చెయ్యి పట్టుకుని, పది నిమిషాలు. పాదం నిలిచింది.

ఏడాది గడిచింది. వచ్చే నెల నేను రెండు నెలల సెలవు మీద ఇంటికి పోతున్నాను. నా బదులు ఒకావిడ వచ్చింది. మంచిదే, చురుకైనది. వారం రోజులుగా ఆమెకు అన్నీ చూపిస్తున్నాను. తడి ఎలా అద్దాలో, వేళ్ళు ఎలా విడదీయాలో చెబుతుంటే "ఓకే, ఓకే" అంటుంది. నిన్న మామా కాళ్ళు ఆమెనే చూడమని నేను పక్కకు నిలబడ్డాను. రెండు పాదాలూ పైపైన చూసి, సాక్సులు తొడిగేసి, "ఏమీ లేదు, నొప్పి లేదంటోంది" అంది.

నేను మళ్ళీ సాక్సు విప్పించాను. నేల మీద కూర్చుని మొదటినుంచీ చూపించాను. కుడికాలు మడమ పక్కన చర్మం కొంచెం మెరుస్తున్నట్టు అనిపించింది. వేలితో తడిమితే మామూలుగానే ఉంది. కిటికీ దగ్గరికి తిప్పి చూస్తే ఒకసారి ఎరుపులా కనబడింది, ఒకసారి కనబడలేదు.

మామా పైనుంచి చూస్తోంది. "ఏమైనా ఉందా?" అంది.

"తెలియడం లేదు మామా," అని చెప్పి, యజమానిని పిలవడానికి లేచాను.